అచ్చం అలాంటి గది

జూన్ 4

వదినగారికి,

ఈ ఒక్క మాట రాసి ఆగిపోయాను. ఆగినంత సేపట్లో పక్కనున్న టీ చల్లారిపోయింది. మొన్న శుక్రవారం కోర్టులో గుమాస్తా చెరో కాగితం చేతిలో పెట్టాడు. దాంతో మీ తమ్ముడూ నేనూ ఒకరికొకరం ఏమీ కాకుండా పోయాం. మరి మీరు నాకేమవుతారు? వదిన అనే పిలుపు అతని వైపు నుంచి వచ్చింది. గిన్నెల్లో సగం పట్టుకెళ్లినట్టు దాన్నీ పట్టుకెళ్లిపోయాడా, లేక నా వాటాలో మిగిలిందా? ఇంకెవర్నడగాలో తెలీక మిమ్మల్నే అడుగుతున్నాను. తప్పయితే ఆ మాట కొట్టేసి చదువుకోండి.

ఫోన్ చేయక ఈ ఉత్తరమేమిటంటారేమో. గోడలకి చెవులుంటాయంటారు కదా, మా ఇంట్లో ఆ చెవులకి తొమ్మిదేళ్లు. ఆసుపత్రిలో చెవుల పరీక్షలు చేసి బతికేదాన్ని, నా కూతురి చెవుల సంగతి నాకు తెలీదా. పక్కగదిలో చెంచా కిందపడితే పెద్ద చెంచానో చిన్న చెంచానో చెప్పేస్తుంది. పైగా ఫోన్లో మీరు గొంతు పెంచుతారు, నేను ముక్కు చీదుతాను. కాగితం మీదయితే ఇద్దరం కాస్త మర్యాదస్తుల్లా ఉంటాం.

మా చీమ బాగానే ఉంది. నడక వచ్చినప్పటి నుంచీ చెంచాలూ మేజోళ్లూ ఒక గదిలోంచి ఇంకో గదికి మోస్తోందని మీరు పెట్టిన పేరు ఇప్పుడు స్కూల్లో కూడా పాకింది. బాగానే ఉంది అన్నానా, అదే నా భయం. స్కూలెలా ఉందే అంటే బాగుంది. నాన్న ఇల్లెలా ఉందే అంటే బాగుంది. జ్వరం మందు ఇస్తే, అది కూడా బాగుందంది.

ఒక వారం నా దగ్గర, ఒక వారం మీ తమ్ముడి దగ్గర. స్కూల్లో పిల్లల కష్టసుఖాలు చూసే ఆవిడ మమ్మల్నిద్దర్నీ పిలిపించి, మోకాళ్లు గడ్డానికి తగిలేంత చిన్న కుర్చీల్లో కూర్చోబెట్టి చెప్పింది: పిల్ల లోకంలో వీలైనంత తక్కువ మార్చండి, అని. నేను తలూపాను. ఈ మాట మామూలు మనిషికి చెప్తే ఓ దుప్పటీ, ఓ బొమ్మా కొంటాడు. నాటకాలకి స్టేజీ మీద ఇళ్లూ కోటలూ కట్టే వడ్రంగికి చెప్తే ఏమవుతుందో మీకు చెప్పాలా?

గది కట్టాడు, వదినా. అద్దె ఇంట్లో, అచ్చం ఇక్కడి గదే. అదే ఆకుపచ్చ కర్టెను, అదే వంకర పుస్తకాల అర, అదే నీలం దీపం. మా కిటికీ పైన వాన కారి బాతు ఆకారంలో ఓ మరక పడింది, గుర్తుందా? అది కూడా. టీ రంగు నీళ్లు కలిపి బ్రష్షుతో వేశాడట. అంతటితో ఆగాడా? తలుపు చెక్క మీద దాని ఎత్తు కొలిచిన పెన్సిల్ గీతలున్నాయి కదా, నేను ఇంట్లో లేనప్పుడు వచ్చి వాటికి నకలు తీసుకెళ్లి అక్కడి తలుపు మీద గీశాడు. మూడేళ్లప్పటిది, అయిదేళ్లప్పటిది, అన్నీ.

చూడగానే నవ్వొచ్చింది. తర్వాత కళ్లు తడయ్యాయి. మెట్లు దిగుతుంటే ఏదో గుచ్చుకుంది. అదేమిటో ఇప్పటికీ తేలలేదు. నా బుద్ధి మీకు తెలుసుగా, తేలకపోతే నిద్రపట్టదు.

ఇట్లు,
ఏమని సంతకం చేయాలో మీ జవాబు వచ్చాక


జూన్ 13

ఓసి మరదలా,

ముందు తీర్పు విను. కోర్టు విడగొట్టింది నిన్నూ మావాణ్ణీ. నాకు నోటీసూ రాలేదు, నేను బోనెక్కి ప్రమాణమూ చేయలేదు. కాబట్టి వదిన వదినే. ఇన్నేళ్లూ నీ చేత పడ్డ మాటలు నేనూ, నా చేత పడ్డ మాటలు నువ్వూ ఇప్పుడు ఎక్కడ పారేసుకుంటాం? అప్పీలుకి వెళ్లావో, కారేసుకుని వచ్చి మరీ తిడతాను.

కారంటే గుర్తొచ్చింది. ఈ నెల నా దగ్గర డ్రైవింగు నేర్చుకునేవాళ్లలో ఓ పళ్ల డాక్టరున్నాడు. నోట్లో సూది గుచ్చేటప్పుడు వణకని చెయ్యి గేరు మీద వేయగానే కోడిపిల్లలా కొట్టుకుంటుంది. నిన్న ఎడమకి సైగ చేసి కుడికి తిరిగాడు. ఏమయ్యా అంటే, మీరు ఎడమ అన్నారని సైగ చేశాను, నాకు కుడి అనిపించి తిప్పాను అన్నాడు. ఇద్దర్నీ సంతోషపెట్టాలనుకునేవాడికి స్టీరింగు ఇవ్వకూడదు.

గది సంగతి చదివి కడుపుబ్బ నవ్వుకున్నాను. మావాడు మారలేదు. చిన్నప్పుడు ఇంట్లో గోడ గడియారం పగిలితే అమ్మ బెంగపెట్టుకుందని అట్టముక్క మీద అచ్చం అలాంటిదే వేసి మేకుకి తగిలించాడు. ముళ్లు, అంకెలు, కింద కంపెనీ పేరుతో సహా. ఆ నెలంతా మా ఇంట్లో ఎప్పుడు చూసినా పదీ పదే. అమ్మ వాణ్ణేమీ అనలేక పక్కింటికెళ్లి టైము చూసొచ్చేది. ప్రేమ ఉందిలే వాడికి. అది ముక్కుసూటిగా వెళ్లి గోడకి గుద్దుకునే రకం.

గుచ్చుకుందన్నావే, నీకు చెప్పుల్లో రాయి లేకపోతే తోచదు, ఏరుకొచ్చి మరీ వేసుకుంటావు. పిల్ల బాగుంది అంటే బాగుందనుకో. పోయి నిద్రపో.

నీ వదిన (రాజముద్రతో)


జులై 6

వదినా,

సంతకం ఇచ్చినందుకు ముందుగా దణ్ణం.

మీరు నిద్రపొమ్మన్నారు, నేను ప్రయత్నించాను కూడా. ఈలోగా మా ఇంట్లో సామాన్లు మాయమవడం మొదలైంది. ముందు చీమ గదిలో ఒక కర్టెను పోయింది. జత కాదు, ఒక్కటే. కిటికీ ఒంటికన్ను రాక్షసుడిలా ఉంది. తర్వాత పుస్తకాల అర మీదుండే చెక్క గుర్రం. తర్వాత గళ్ల దిండు గలేబు. అడిగితే చీమ ఎంతో మర్యాదగా "ఏమోనమ్మా" అంటుంది. అబద్ధమాడేటప్పుడు దానికి మర్యాద ఎక్కువవుతుంది. ఇది మాత్రం మీ తమ్ముడి పోలికే.

నాకు తోచింది చెప్తాను, కోప్పడకండి. అతని పని అతనికి నచ్చలేదేమో. ఎంత బాగా చేసినా నకలు నకలే కదా. అందుకని పిల్ల సంచీలో పెట్టించి అసలువే తెప్పించుకుంటున్నాడేమో అని. నేను అడిగితే పాత గొడవలన్నీ లేస్తాయి. మీరే ఓసారి, నెమ్మదిగా, మాటల మధ్యలో వచ్చినట్టు అడగండి. నెమ్మదిగా అన్న మాట కింద గీత గీశాను, చూడండి.

ఇంకోటి. చీమ ఇదివరకు పొద్దున్నే కళ్లు తెరవకుండానే "అమ్మా" అని కేకేసేది, పాలవాడు ఉలిక్కిపడేంత గట్టిగా. ఇప్పుడు లేచి మంచం మీద కూర్చుని, చుట్టూ చూస్తూ ఉంటుంది. నేనే వెళ్లి ఏమిటే అంటే "ఏమీ లేదు" అంటుంది. మొన్న నిద్రమత్తులో బయటికి రాబోయి తిన్నగా గోడకి గుద్దుకుంది. అక్కడ తలుపు మంచానికి ఎడమవైపు, ఇక్కడ కుడివైపు. అన్నిటికీ నకలు తీసిన మనిషి తలుపుని మాత్రం జరపలేకపోయాడు. నుదురు బొప్పి కట్టింది. "నొప్పిగా ఉందా?" అంటే "పర్లేదు, బాగుంది" అంది.

నా పనిలో ఒక రకం మనుషులొస్తారు. చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి, శబ్దం వినపడినప్పుడల్లా బొత్తాం నొక్కండి అంటాను. నిన్న ఒక రిటైరైన టికెట్ కలెక్టరుగారు నేనేమీ వినిపించకుండానే టకటకా నొక్కుతున్నారు. ఆయన ఉద్యోగమంతా ఇతరుల్ని తప్పు పట్టడంలోనే గడిచింది, ఇప్పుడు తను ఫెయిలవుతాడేమోనని భయం. అలాంటివాళ్లతో ఒకటే ఉపాయం. ఏ శబ్దమూ పెట్టకుండా ఊరికే కూర్చోవాలి. ఇంటికొచ్చి చీమని చూస్తుంటే ఆయనే గుర్తొచ్చాడు. ఎందుకో తెలీదు.

మీ మరదలు


జులై 15

మరదలా,

నెమ్మదిగానే అడిగాను. "ఒరేయ్, ఒంటి కర్టెను దొంగా" అన్నాను. అంతకంటే నెమ్మది నా దగ్గర లేదు.

వాడు ఒట్టేశాడు. కర్టెను తన దగ్గర లేదట. ఆ మాటకొస్తే తన ఇంట్లోనే నీలం దీపం పోయిందట. "పాత దీపం ఇక్కడికొచ్చిందనుకుని వాళ్లమ్మ తీసుకెళ్లిపోయిందేమో అక్కా, నేనేమీ అనలేదు. ఇంకోటి చేసేశాను" అన్నాడు. ఇంకోటి చేసేశాడట, విన్నావా. అదీ పోయిందట. మూడోది చేస్తున్నాడట. ముందు వారం దిండు గలేబు పోయిందని గుడ్డకి రంగు వేసి గళ్లు దిద్దాడు. మనిషికి ఎక్కడో ఒకచోట అనుమానం రావాలి కదా, వీడికి రంగు డబ్బా వస్తుంది.

నేను నమ్మలేదనుకో. కానీ తర్వాత స్టీరింగు ముందు కూర్చుని ఆలోచిస్తే తట్టింది. మీ ఇద్దరూ కాదు, మోసేది చీమ. పేరు పెట్టినదాన్ని నాకే ఆలస్యంగా వెలిగింది. ఇక్కడివి అక్కడికీ అక్కడివి ఇక్కడికీ. ఎందుకంటావు? రెండు ఇళ్లనీ కలిపి కుట్టేద్దామని. సామాన్లు కలిస్తే మనుషులూ కలుస్తారని పిల్లబుద్ధి. పాపం, దానికి ఇంకా ఆశ ఉన్నట్టుంది. ఆ ఆశని ఊరికే కొట్టిపారేయొద్దు. నువ్వూ ఓసారి ఆలోచించు.

పళ్ల డాక్టరు నిన్న చెట్టుని గుద్దాడు. చెట్టు బాగానే ఉంది.

నీ వదిన


జులై 24

గౌరవనీయులైన వదినగారికి,

మీ ఉత్తరం అందింది.

"నువ్వూ ఓసారి ఆలోచించు" అని రాశారు. మూడేళ్లు ఆలోచించాను. మీ తమ్ముడూ ఆలోచించాడు. అరుచుకోకుండా, వస్తువులు విసురుకోకుండా, చాలా సభ్యంగా ఆలోచించి విడిపోయాం. ప్రపంచంలో అందరూ "ఇంకోసారి ఆలోచించు" అన్నారు. మా ఆసుపత్రి లిఫ్టు నడిపే ఆయన కూడా అన్నాడు. అననిది మీరొక్కరే. అందుకే మొదటి ఉత్తరం మీకు రాశాను.

మీరు చెప్పింది నిజమే, మోసేది చీమే. స్కూలు సంచీ అడుగున మీ తమ్ముడింటి సొరుగు పిడి దొరికింది. ఆ సొరుగు ఇప్పుడు ఎలా తెరుస్తున్నారో. పిల్ల అంత ఆశతో రెండు ఇళ్ల మధ్య తిరుగుతోందంటే తిప్పడమే తప్పు. వచ్చే నెల ఇరవయ్యో తారీఖున లాయరుని కలుస్తున్నాను. చీమ ఇక్కడే ఉంటుంది. అతను ఆదివారాలు వచ్చి చూసి వెళ్లొచ్చు. దానికి ఒక ఇల్లు, ఒక మంచం, ఒక దీపం చాలు.

ఇది సరైనదో కాదో నాకు తెలీదు. నాకేదీ తెలీదని మీకు తెలుసు. కానీ తెలియకుండానే ఏదో ఒకటి చేయాలి కదా.

ఇట్లు,
చీమ తల్లి


ఆగస్టు 1

చీమ తల్లిగారికి చీమ మేనత్త రాయునది,

నీ ఉత్తరం చదివి రెండు క్లాసులు మానేశాను. ఒకటి డాక్టరుది, ఆయన సంబరపడ్డాడనుకో.

మళ్లీ కలిసిపొమ్మని నేననలేదు. "ఆలోచించు" అంటే పిల్ల గురించి ఆలోచించమని. కానీ నీ ఉత్తరం చదివాక నాది గుర్తు చేసుకుంటే, అలా అనే ఉందనిపించింది. నేను రాసింది ఒకటి, నువ్వు చదివింది ఇంకోటి, చీమ మోసింది మరోటి. మీరిద్దరూ ఒకే టేబులు దగ్గర కూర్చుని అన్నం తింటూ కూడా ఎంత దూరంగా ఉండేవారో చూసినదాన్ని. విడిపోవడం మంచిదేనని అనుకున్న మొదటి మనిషిని నేనే. చెప్పలేదంతే. ఆడపడుచు నోట ఆ మాట వస్తే బాగుండదని.

లాయరు దగ్గరికి వెళ్లకు అనను. ఒక్కటే అడుగుతాను. స్కూలుకి నాలుగు రోజులు సెలవు పెట్టించి, ఆ తారీఖుకి ముందు చీమని నా దగ్గరికి పంపు. సగం దారిలో జంక్షన్ ఉందిగా, అక్కడికి తీసుకురా, నేను కారుతో వస్తాను. ఏమీ ఆరా తీయను. ఊరికే ఉండనీ.

నీ వదిన (రాజముద్ర ప్రస్తుతం దాచి పెట్టడమైనది)


ఆగస్టు 5

వదినగారికి,

శనివారం పదకొండింటి బండికి వస్తాం. లాయరు తారీఖు మారదు.

చీమకి పడుకునేటప్పుడు కిటికీ కొంచెం తెరిచి ఉంచాలి. కొంచెం అంటే బెత్తెడు.

ఇట్లు


ఆగస్టు 14

మరదలా,

స్టేషన్లో రెండు ముక్కలైనా మాట్లాడుకోలేదు మనం. నువ్వు చీమ బూటు తాళ్లు మూడుసార్లు కట్టావు. నేను కారు అద్దం తుడిచాను, శుభ్రంగా ఉన్న అద్దాన్నే. వచ్చేటప్పుడు దారి పొడవునా కారు నెత్తి మీద "నేర్చుకుంటున్నాం" అన్న బోర్డు చూసి జనం ఆమడ దూరంలో తప్పుకున్నారు. "అత్తా, మన ఇంటికీ ఇలాంటి బోర్డు ఉంటే బాగుణ్ణు" అంది నీ కూతురు. నేను గేరు మార్చాను. ఆరా తీయనని మాటిచ్చాను కదా.

మొదటి రోజు అన్నీ బాగున్నాయి. నేను మాడ్చిన కూరతో సహా. నీ టికెట్ కలెక్టరు గుర్తొచ్చి నేను శబ్దం పెట్టడం మానేశాను. బాగుందా అని అడగలేదు, నచ్చిందా అని అడగలేదు. రెండో రోజు భోజనాల దగ్గర దానంతటదే "అత్తా, నీకు వంట రాదు కదా" అంది. నా జన్మలో ఏ మెప్పుకీ అంత సంతోషించలేదు.

నా ఇంటి సంగతి తెలుసుగా. పడక గదిలో పాత స్టీరింగులు, టోపీలు తగిలించడానికి రోడ్డు మీద పెట్టే ఎర్ర శంకువు, తలుపు మీద "ఆగుము" పలక. అందులోనే మంచం వేశాను. మూడో రోజు పొద్దున్న ఇంకా కళ్లు తెరిచిందో లేదో, "అత్తా" అని ఓ కేక పెట్టింది. నా చేతిలో కప్పు జారింది. పాలవాడు ఉలిక్కిపడతాడని నువ్వు రాసిన కేక ఇదే కాబోలు అనుకున్నాను. ఆ కేక పోయిందన్నావు. పోలేదు మరదలా, మీ రెండు ఇళ్లలోనే లేదు.

ఆ రోజు కారు కడుగుతున్నాం. నేను గొట్టం పట్టుకున్నాను, అది గుడ్డ పట్టుకుంది. అప్పుడు అంది:

"నీ ఇల్లు భలే ఉందత్తా. దేనిలాగానూ లేదు."

"పొగుడుతున్నావా, తిడుతున్నావా?"

"నిజంగానే. కళ్లు తెరవగానే ఆగుము అని కనపడుతుంది. ఓహో అత్త ఇల్లు అని తెలిసిపోతుంది."

నేను గొట్టం కట్టేసి, ఊరుకున్నాను. నీ ఉపాయమే. అది చాలాసేపు ఒకే అద్దాన్ని తుడిచింది.

"మా రెండు ఇళ్లలో కళ్లు తెరిస్తే బాతే కనపడుతుంది. ఇటు తిరిగితే ఆకుపచ్చ కర్టెను. ఎక్కడున్నానో తెలీదు. ఒకసారి నాన్న ఇంట్లో 'అమ్మా' అని పిలిచేశా. నాన్న వచ్చాడు. ఏంటి తల్లీ అన్నాడు, నవ్వాడు కూడా. కానీ మొహం ఇలా అయిపోయింది." గుడ్డ పిండి చూపించింది.

"పోనీలే, నిద్రలో పిలుపు కదా."

"అమ్మ ఇంట్లో 'నాన్నా' అని కూడా పిలిచా ఒకసారి. అమ్మ వినపడనట్టు ఊరుకుంది. అమ్మకి వినపడకపోవడమేంటత్తా?"

ఇక్కడ కాసేపు ఆగి, నీళ్లు తాగి చదువు. నేనూ రాస్తూ ఆగాను.

"అందుకని నాన్న ఇంట్లో నీలం దీపం తీసేశా. నీలం దీపం కనపడితే అమ్మ, కనపడకపోతే నాన్న. ముందు చూసుకుని అప్పుడు పిలవొచ్చని. కానీ నాన్న ఇంకోటి చేసేశాడు. అదీ తీసేశా. మళ్లీ చేస్తున్నాడు. ఇది పని కాదని అమ్మ ఇంట్లో కర్టెను తీశా. గుర్రం తీశా. వాళ్లు వెతకడం మొదలుపెట్టారు."

"ఎక్కడ పెట్టావే అవన్నీ?"

"స్కూల్లో నా అలమరలో. తలుపు మూయడం కష్టమవుతోంది."

"ఇదంతా నాన్నకే చెప్పొచ్చుగా?"

"ఎలా చెప్తాను? ఎంత కష్టపడి చేశాడు. తలుపు మీద గీతలు కూడా గీశాడు." తర్వాత గొంతు తగ్గించి, అక్కడ మేమిద్దరమే ఉన్నా, "కానీ ఆ తలుపు దగ్గర నేనెప్పుడూ నించోలేదత్తా. నాకు అయిదేళ్లప్పుడు ఆ ఇల్లు మాకు తెలీదు కూడా."

అదీ సంగతి. నువ్వేమో వాడు దొంగ అనుకున్నావు. నేనేమో ఇళ్లు కలిపి కుడుతోందనుకున్నాను. మావాడైతే అసలేమీ అనుకోకుండా రంగు కలుపుకున్నాడు. అది కలపడం లేదు మరదలా, విడదీస్తోంది. మీరు విడిపోయారని దానికి ఎప్పుడో అర్థమైంది. ఇళ్లకే ఇంకా అర్థం కాలేదు.

మాట తప్పి ఇంకో ప్రశ్న కూడా అడిగాను, నన్ను తిట్టు. "ఒక్కచోటే ఉండిపోతే నీకు సుఖమేమో కదే?" అన్నాను. అది నా వైపు చూసి, "అప్పుడు ఎవర్ని పిలవాలో చూసుకోవక్కర్లేదు" అంది. "కానీ ఒకళ్లని పిలవడానికి ఉండదు" అని బకెట్ ఎత్తుకుని వెళ్లిపోయింది.

నీ లాయరు దగ్గరికి వెళ్తావో మానతావో నీ ఇష్టం. చీమ మాత్రం నాతో ఒక రాయబారం పంపింది. "అమ్మకి నువ్వు చెప్పు. నాన్నకి అమ్మని చెప్పమను. నాన్న బాధపడకుండా చెప్పడం అమ్మకి వచ్చు, ఇదివరకు చెప్పేది" అంది.

ఇదివరకు చెప్పేదానివట. నాకు తెలీదు, నీకు తెలిసే ఉంటుంది.

నీ వదిన

మరిచాను, చీమకి కారులో రెండో బ్రేకు చూపించాను, నేను తొక్కేది. "ఇద్దరూ ఒకేసారి తొక్కితే?" అంది. నడిరోడ్డు మీద ఆగిపోతుందే అన్నాను. "అయితే వెనక సీట్లో వాళ్లు బెల్టు పెట్టుకోవాలి" అంది.


సెప్టెంబరు 3

వదినా,

వినపడింది. ఆ రోజు చీమ "నాన్నా" అని పిలిచినప్పుడు నేను పెనం మీద రొట్టె తిప్పుతున్నాను. చాలా స్పష్టంగా వినపడింది. వినపడనట్టు ఉంటే దానికి ఇబ్బందిగా ఉండదనుకున్నాను. ఇబ్బంది దానికా, నాకా అని అప్పుడు నన్ను నేను అడగలేదు. వందలమందికి చెవులు పరీక్షించినదాన్ని, ఒక పిలుపు వినపడిందని చెప్పుకోలేకపోయాను.

లాయరు ఆఫీసుకి ఫోన్ చేసి రావడం లేదన్నాను. ఎప్పుడు వస్తారని అడిగింది ఆ అమ్మాయి. ఇప్పట్లో రానన్నాను. ఇంత గట్టిగా నేనేదైనా అన్నానంటే మీరు నమ్మరు.

తర్వాత మీ తమ్ముడి వర్క్‌షాపుకి వెళ్లాను. పెళ్లయిన కొత్తలో వెళ్లేదాన్ని, మళ్లీ ఇప్పుడే. ఏదో నాటకానికి గుమ్మం బిగిస్తున్నాడు. తలుపు తెరిస్తే అవతల గోడే. నేను అటూ ఇటూ చూసి ఆ గుమ్మం మీదే కూర్చుని, ముందు దీపం గురించి చెప్పాను. చాలా అందంగా చేశావు, అందుకే దానికి తేడా తెలీలేదు అన్నాను. ఇది అబద్ధం కాదు కదా, వదినా? మరీ తియ్యగా చెప్పానేమోనని ఇప్పటికీ అనుమానం. అతను ఉలి పక్కన పెట్టి వింటూ కూర్చున్నాడు. మధ్యలో "ఏమీ మార్చొద్దన్నారు కదా" అని మాత్రం అన్నాడు. "అవును, నేనూ తలూపాను" అన్నాను. ఉలి మళ్లీ చేతిలోకి తీసుకుని అడిగాడు:

"గీతలు కూడానా?"

"గీతలు కూడా."

తలూపి, "తలుపు నేనే గీకేస్తాను. వేరేవాళ్లయితే చెక్క పాడుచేస్తారు" అన్నాడు. మీ అమ్మగారి గడియారం కథ చెప్పాను. మీరు చెప్పారని చెప్పలేదు, తెలిసిపోయిందనుకోండి. "అమ్మ పక్కింటికెళ్లి టైము చూసొచ్చేదని నాకెవరూ చెప్పలేదే" అన్నాడు. నవ్వుదామా వద్దా అన్నట్టు నా వైపు చూశాడు. ఇద్దరం నవ్వేశాం. ఆ నవ్వుకి వేరే అర్థాలు వెతక్కండి. పాత పరిచయస్తులు నవ్వుకున్నట్టు నవ్వుకున్నాం, బాగుంది.

ఇప్పుడు అతనింట్లో చీమ గది చీమ ఇష్టం. గోడలకి పసుపు రంగు వేయించింది. మంచం కిటికీ దగ్గరికి జరిపించింది. బాతుని తుడిపించేసింది. అతను బెంగగా చూస్తుంటే, "ఇక్కడ కూడా నిజం వాన కారేదాకా ఆగుదాం నాన్నా, అప్పుడు ఏం వస్తుందో చూద్దాం" అందట. కర్టెను, గుర్రం మా ఇంటికొచ్చేశాయి. స్కూలు అలమర ఖాళీ అయింది, వాళ్ల టీచరు ఊపిరి పీల్చుకుంది. చేసిన దీపాలు మిగిలిపోయాయి. ఒకటి మీకు పార్సెలు చేస్తున్నాను. మీ ఇంట్లో ఏం పెట్టినా దేనిలాగానూ ఉండదు కాబట్టి పర్లేదు.

తలుపు చెక్క నున్నగా గీకి, చీమని నిలబెట్టి ఒకే ఒక్క గీత గీశాడు, ఇప్పటి ఎత్తుకి. దాని కింద ఏమీ లేదు. చీమ ఆ ఖాళీ వైపు చూసి, "ఇక్కడ నేను ఇంత పొడుగ్గానే పుట్టాను" అందట.

అసలు రాయాలనుకున్నది ఇది. మొన్న ఆదివారం దానికి స్కూలువాళ్లతో ప్రయాణం ఉందని పొద్దున్నే తీసుకెళ్లడానికి వెళ్లాను. త్వరగా వెళ్లిపోయాను, అలవాటేగా. మెట్లెక్కి బెల్లు మీద వేలు పెట్టబోతుంటే లోపల్నుంచి వినపడింది. "నాన్నా" అని. ఎలాంటి పిలుపంటే, కళ్లు తెరవకముందు పిలిచేది. మెలకువకీ పిలుపుకీ మధ్య ఇన్నాళ్లూ ఉన్న ఆ చిన్న నిశ్శబ్దం లేదు. ఆ నిశ్శబ్దం నాకు తెలుసు, వదినా, రెండు నెలలు తలుపు అవతల నించుని దాన్నే విన్నాను. "వస్తున్నా" అని అతని గొంతు. గబగబా అడుగులు.

వేలు తీసేశాను. మెట్ల మీద కూర్చున్నాను. సంతోషమా, ఇంకేదైనానా అని తేల్చుకుందామనుకున్నాను. పిలిచింది నన్ను కాదు. కానీ తను ఎక్కడుందో నా కూతురికి తెలుసు. ఈ రెండూ పక్కపక్కనే కూర్చున్నాయి. దేన్నీ లేపి పంపలేదు నేను. ఈసారి తేలకపోయినా పర్లేదనిపించింది.

కాసేపాగి బెల్లు కొట్టాను. తలుపు తెరవకముందే, ఎవరని చూడకుండానే, లోపల్నుంచి పాలవాడు ఉలిక్కిపడే కేక:

"అమ్మ వచ్చింది!"

మీ మరదలు